రాజాకి వచ్చింది రక్తక్యాన్సరేనా?

పోయిన నెల ఒక ఉదయం ఓ.పి. కిటకిటలాడుతున్న వేళ ఒక రిటైర్డు మేష్టారు చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక నా ఎదుట కూర్చున్నారు. "ఏమిటండీ బాధ?" అన్నాను. "జబ్బు నాకు కాదండీ డాక్టరుగారూ, మా రాజాకి" అన్నారు. రాజా ఆయన మనవడేమో అనుకున్నాను. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చారు. రక్తపరీక్ష రిపోర్టు. పేరు రాజా, వయస్సు ఏడేళ్ళు, తెల్ల రక్తకణాలు 3,100, ప్లేట్‌లెట్లు 42,000. ఏడేళ్ళ పిల్లవాడికి ఈ అంకెలా అని కంగారు పడ్డాను. పైన మూలగా చూస్తే "కుక్క" అని రాసి ఉంది.

నవ్వు వచ్చింది గాని ఆపుకున్నాను. ఆయన ముఖం నవ్వేటట్టు లేదు.

"తెల్లకణాలు పాడైతే రక్తంలో క్యాన్సరేనని ఎవరో చెప్పారండి. మా మనవడు దాన్ని వాటేసుకుని పడుకుంటాడు. అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. దాన్ని ఊరి బయట వదిలేసి రమ్మంటున్నారు ఇంట్లో. ఏడేళ్ళు పెంచిన ప్రాణమండీ. మీరేమంటారు?"

నేను మనుషుల డాక్టరుని. పశువైద్యం నా చదువు కాదు. అయినా ఆ కాగితంలో ఉన్న ప్రశ్న నాకు కొత్తదేమీ కాదు. తెల్లకణాల అంకె చూసి హడలిపోయి వచ్చేవారు మనుషుల రిపోర్టులతో వారానికి నలుగురైనా ఉంటారు. పశువుల ఆస్పత్రిలో ఉన్న మిత్రుడికి ఫోను చేసి, రాజాను వెంటనే అక్కడికి తీసుకువెళ్ళమని మేష్టారిని పంపాను. అక్కడ తేలినదేమిటో చెప్పేముందు అసలు ఈ తెల్లకణాల సంగతి కొంచెం చెప్పాలి.

మన నెత్తురులోగాని, కుక్క, పిల్లి, ఆవుల నెత్తురులోగాని ఎర్రకణాలు లక్షల్లో ఉంటే తెల్లకణాలు వేలల్లోనే ఉంటాయి. ఎర్రకణాలది మోత కూలి పని, ప్రాణవాయువును మోయడం. తెల్లకణాలది కావలి పని. ఇవి ఎముకల మూలుగలో పుడతాయి. వీటిలో న్యూట్రోఫిల్ అనే రకం సూక్ష్మజీవిని కనిపించిన చోటే మింగేస్తుంది. లింఫోసైట్లు శత్రువును గుర్తుపెట్టుకుని, దానికి సరిపడే విరుగుడు తయారుచేస్తాయి. మోనోసైట్లు చెత్తా చెదారం ఎత్తిపోస్తాయి. ఇయోసినోఫిల్ అనేది నులిపురుగులున్నప్పుడూ ఎలర్జీలోనూ పెరుగుతుంది. బేసోఫిల్ చాలా అరుదు.

కణం సూక్ష్మజీవిని మింగుతుందన్న సంగతి కూడా మొదట తెలిసింది మనిషిలో కాదు. 1882లో మెచ్నికాఫ్ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇటలీలో సముద్రపు ఒడ్డున ఉన్న మెసీనా పట్టణంలో నక్షత్రచేప పిల్లల్ని పరీక్షిస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి. ఒకదాని ఒంట్లో చిన్న ముల్లు గుచ్చి మర్నాడు చూస్తే, ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ పరిశోధనకు 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక అంకెల సంగతి. పెద్దమనిషికి ఘన మిల్లీమీటరు నెత్తురులో సుమారు 4,000 నుంచి 11,000 వరకు తెల్లకణాలుంటే సరిగ్గా ఉన్నట్టు. కుక్కకు 6,000 నుంచి 17,000. పిల్లికి ఇంచుమించు 5,500 నుంచి 19,500. ఆవుకు 4,000 నుంచి 12,000. అంటే కుక్కకు 15,000 ఉంటే కంగారు పడనక్కరలేదు, అదే మనిషికైతే ఎక్కడో చీము పట్టిందేమోనని వెతుకుతాము. ఇంకో తేడా ఉంది. మనిషిలో, కుక్కలో న్యూట్రోఫిల్స్ ఎక్కువ. ఆవులో లింఫోసైట్లే ఎక్కువ. ఆవు నెత్తురును మనుషుల ల్యాబులో ఇచ్చి, మనుషుల లెక్కతో పోల్చి "లింఫోసైట్లు పెరిగాయి" అని ఎర్రసిరాతో గీత గీయించుకుని వచ్చిన రైతును నేనెరుగుదును. ఆ ఆవుకు ఏ జబ్బూ లేదు.

పిల్లి విషయం మరీ చిత్రం. దానిని సంచిలో వేసుకుని, బస్సులో కుదిపి, కొత్తవాళ్ళు నలుగురు పట్టుకుని నెత్తురు తీస్తే, ఆ భయానికే తెల్లకణాలు పెరుగుతాయి. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న కణాలు ఆ అదటుకు ఊడి ప్రవాహంలోకి వస్తాయి. అలాగే కార్టిసోన్ జాతి ఇంజెక్షన్ చేయించిన తరువాత పరీక్ష చేస్తే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గినట్టు కనిపిస్తాయి. గనుక రిపోర్టు చూపించేటప్పుడు అంతకుముందు ఏ మందు వాడారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి.

ఇప్పుడు రాజా సంగతికి వద్దాము. దానికి పది రోజులుగా జ్వరం, తిండి మానేసింది, ముక్కు నుంచి రెండుసార్లు నెత్తురు కారింది, పొట్ట మీద ఎర్రటి మచ్చలు. నా మిత్రుడు ముందు దాని చెవుల లోపల, కాలివేళ్ళ సందుల్లో చూశాడట. పిడుదులు గింజల్లా పట్టి ఉన్నాయి. (కొన్ని ప్రాంతాలలో గోమార్లంటారు.) చెవి కొసన ఒక చుక్క నెత్తురు తీసి గాజుపలక మీద పూసి మైక్రోస్కోపులో చూస్తే మోనోసైటు లోపల మల్బరీ పండులాగా చిన్న గుత్తి కనిపించింది. ఆ గుత్తి ఎర్లీకియా అనే సూక్ష్మజీవులది. దీనిని 1935లో అల్జీరియా దేశంలో కుక్కలలో మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యంతో వెళ్ళిన జర్మన్ షెపర్డ్ కుక్కలు ముక్కునుంచి నెత్తురు కారి పెద్ద సంఖ్యలో చచ్చిపోయింది ఈ జబ్బుతోనే.

చూడండి, దీని తెలివి ఎంతటిదో! సూక్ష్మజీవిని మింగవలసిన తెల్లకణంలోనే ఇది కాపురం పెడుతుంది. దొంగ వచ్చి పోలీసు స్టేషనులోనే బస చేసినట్టు. పిడుదు కరిచిన ఒకటి నుంచి మూడు వారాలలో జ్వరం వస్తుంది. ప్లేట్‌లెట్లు పడిపోతాయి, తెల్లకణాలు తగ్గుతాయి. ఒక్కొక్కప్పుడు జ్వరం తనంతట తనే తగ్గి కుక్క మామూలుగా తిరుగుతుంది, యజమాని మర్చిపోతాడు. కాని జబ్బు లోపల నెలలు, ఏళ్ళు దాగి ఉండి, చివరకు ఎముకల మూలుగనే ఎండగొడుతుంది. ఆ దశలో తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. అప్పుడు బతికించడం కష్టం.

మొదటి దశలో మాత్రం మందు చాలా తేలిక. డాక్సీసైక్లిన్ అనే పాత మందు. ఖరీదు కూడా ఎక్కువ కాదు. ఒకటి రెండు రోజుల్లోనే కుక్క లేచి తిండి తింటుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. తింటోంది గదా అని అయిదోరోజున మందు ఆపేసేవారు చాలామంది. పశువైద్యులు సాధారణంగా నాలుగు వారాలు వాడమంటారు. మోతాదు బరువును బట్టి వారే చెప్పాలి. మాత్ర ఖాళీ కడుపున వేయకుండా, అన్నంతో పెట్టి పైన నీళ్ళు తాగించాలి. కోర్సు అయ్యాక నెత్తురు మళ్ళీ పరీక్ష చేయించాలి.

ఇది మేష్టారి మనవడికి అంటుతుందా? అంటదు. కుక్కను ముట్టుకున్నా, అది నాకినా రాదు. మధ్యలో పిడుదు ఉండాలి, ఆ పిడుదుకు కూడా కుక్కంటేనే ఇష్టం. మనుషులలో ఈ రకం ఎర్లీకియా బహు అరుదు. అయితే పిడుదుల్ని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. కుక్క పిడుదు కరిచి మనుషులకు వచ్చే టిక్ టైఫస్ అనే జ్వరం మన దేశంలో ఉంది. గనుక కుక్కను కాదు, పిడుదుల్ని వదిలించుకోవాలి.

కుక్క ఒంటిమీద కనిపించేవి కొన్నే. ఒక్క ఆడపిడుదు నెత్తురు తాగి ఉబ్బి కిందపడి, గోడ పగుళ్ళలో, ద్వారబంధాల వెనుక, మంచం కోళ్ళ సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్లలు గోడ పైకి పాకుతాయి. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. గనుక పగుళ్ళు సిమెంటుతో పూడ్పించండి, కుక్క పడుకునే చోట గోడలకు సున్నం వేయించండి, దాని గోనెపట్టా ఎండలో వేయండి. కుక్కకు మెడమీద వేసే చుక్కలు, నోటితో ఇచ్చే మాత్రలు దొరుకుతున్నాయి, పశువైద్యుణ్ణి అడిగి వాడండి. కుక్కకు వేసే చుక్కల్లో కొన్ని పిల్లికి విషం, ఇంట్లో రెండూ ఉంటే ముందే చెప్పండి. పిడుదును పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. గోటితో నలపకూడదు, కిరసనాయిలు పోయకూడదు. చేలో కొట్టే పురుగుమందు కుక్కకు పూసేవారున్నారు. పిడుదులకంటే ముందు కుక్క పోతుంది.

తెల్లకణాలు పడిపోయే ఇంకో జబ్బు గురించి చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. పదిహేనేళ్ళ కిందట మా అమ్మాయి పట్టుబట్టి ఒక కుక్కపిల్లను తెచ్చుకుంది. నలభై అయిదు రోజుల పిల్ల. ఒక టీకా వేయించాను. మూడు వారాల తరువాత మళ్ళీ తీసుకురమ్మన్నారు. ఒకటి వేశాం గదా, ఏం తొందర అనుకున్నాను. పోలియో చుక్కలు ఒక్కసారి వేయిస్తే చాలదమ్మా అని ఊరూరా తల్లులకు చెప్పినవాణ్ణి! మూడోనెలలో ఒక సాయంత్రం పిల్ల కక్కడం మొదలుపెట్టింది. మర్నాటికి నెత్తురు విరేచనాలు, భరించలేని వాసన. పరీక్షలో తెల్లకణాలు 900. మూడోరోజు తెల్లవారుజామున మా అమ్మాయి ఒళ్ళోనే పోయింది.

అది పార్వో వైరస్. 1978లో ప్రపంచమంతటా ఒక్కసారిగా కుక్కలలో బయటపడింది, 1980ల మొదట్లో మన దేశంలోనూ కనిపించింది. పిల్లులకు వచ్చే ఇలాంటి వైరస్‌కు ఇది దగ్గర చుట్టం. శరీరంలో ఏ కణాలు వేగంగా పుడుతుంటాయో వాటిమీద పడుతుంది. అవి రెండుచోట్ల ఉంటాయి, పేగుల లోపలి పొర, ఎముకల మూలుగ. పేగుల పొర ఊడితే పేగులోని క్రిములు నెత్తురులో పడతాయి. వాటిని ఎదుర్కోవలసిన న్యూట్రోఫిల్స్ నెత్తురులో ఒక్కరోజు కూడా బతకవు, ఎప్పటికప్పుడు కొత్తవి రావాలి. మూలుగ దెబ్బతింటే అవి రావు. అందుకే ఇంత తొందరగా చంపుతుంది. వెంటనే సెలైను, ఇంజెక్షన్లు ఇప్పిస్తే చాలా పిల్లలు బతుకుతాయి. ఇంట్లో మజ్జిగ పట్టిస్తూ ఒకరోజు చూద్దామనుకుంటే కాలం చేతులు దాటుతుంది.

ఒక్క టీకా ఎందుకు చాలదంటే, తల్లిపాల ద్వారా వచ్చిన రక్షణ ఇంకా ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాను పని చేయనివ్వదు. ఆ రక్షణ ఏ వారంలో తగ్గుతుందో ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రకం. అందుకని ఆరు నుంచి ఎనిమిది వారాల వయస్సులో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు దాటేదాకా వేయిస్తారు. ఆ తరువాత ఏడాదికి మళ్ళీ.

నా తప్పు అంతటితో ఆగలేదు. ఇల్లంతా ఫినాయిలుతో కడిగించి రెండు నెలల తరువాత ఇంకో పిల్లను తెచ్చాను. దానికీ వచ్చింది. ఈ వైరస్ ఫినాయిలుకు చావదు, నెలల తరబడి నేలలో బతుకుతుంది. బ్లీచింగు పౌడరు నీళ్ళకు చస్తుంది. ఆ రెండోది ఎలాగో బతికి, మా ఇంట్లో పదమూడేళ్ళు ఉంది. పార్వో కుక్కలనుంచి మనుషులకు రాదు, కాని మన చెప్పులకు అంటుకుని ఇంకో ఇంటి కుక్కపిల్లకు చేరుతుంది.

ఇక్కడే ఒక మాట. జ్వరం అనగానే మన ఇంట్లో ఉన్న పారాసిటమాల్ తీసి పిల్లికి పెట్టకండి. ఒక్క మాత్ర చాలు, ఎర్రకణాలు పాడై నోరు నీలంగా మారి చచ్చిపోతుంది. కుక్కలకు నొప్పుల మాత్రలు ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్ వేస్తే కడుపులో పుండ్లు పడి నెత్తురు కక్కుకుంటాయి. మనుషుల డాక్టరుగా చెబుతున్నాను, మా చీటీలు వాటికి పనికిరావు.

మరి జంతువులకు తెల్లకణాల క్యాన్సరు అసలే రాదా? వస్తుంది. నడివయస్సు దాటిన కుక్కకు దవడల కింద, భుజాల ముందు, తొడల వెనుక రెండువైపులా నొప్పిలేని బిళ్ళలు కట్టి పెరుగుతుంటే లింఫోమా అయి ఉండవచ్చు. బిళ్ళలోకి సూది గుచ్చి కణాలు తీసి చూస్తే తేలుతుంది. పూర్తిగా నయమవడం అరుదు గాని మందులతో నెలల తరబడి హాయిగా ఉంచవచ్చు. అదీ అంటువ్యాధి కాదు. పిల్లులలో మాత్రం ఒక తేడా ఉంది. తెల్లకణాల క్యాన్సరు తెచ్చే వైరస్‌ను 1964లో గ్లాస్గో నగరంలో కనుగొన్నారు, అది ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి ఉమ్మి ద్వారా అంటుతుంది. మనుషులకు రాదు. కుక్కల విషయంలో మనుషుల డాక్టరు భయపడవలసింది రేబిస్‌కు. మేష్టారిని కూడా నేను మొదట అడిగింది అదే, రాజాకి ఏటేటా ఆ టీకా వేయిస్తున్నారా అని. వేయిస్తున్నారు.

ఇంట్లో పాడి ఉన్న పాఠకులకు కూడా ఈ పిడుదుల గొడవ తప్పదు. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవులకు వచ్చే థైలీరియా జబ్బు వీటివల్లనే. ఈ క్రిమి లింఫోసైటులో దూరి, ఆ కణాన్ని క్యాన్సరు కణంలాగా ఆగకుండా రెండుగా, నాలుగుగా చీలేటట్టు చేస్తుంది. కణం చీలినప్పుడల్లా తానూ చీలి రెండింటిలోనూ చేరుతుంది. జ్వరం 105 డిగ్రీలు దాటుతుంది, భుజం ముందున్న బిళ్ళ కోడిగుడ్డంత ఉబ్బుతుంది, పాలు పడిపోతాయి, తరువాత ఎర్రకణాలు తగ్గి కళ్ళు పాలిపోతాయి. మన ఒంగోలు జాతివంటి నాటు పశువులు దీనిని చాలావరకు తట్టుకుంటాయి. బుపార్వాక్వోన్ అనే ఇంజెక్షను ఉంది, బిళ్ళ ఉబ్బిన మొదటి రోజుల్లో చేయిస్తేనే దానికి బలం. దూడలకు వేసే టీకా కూడా ఉంది. పశువుల ఆస్పత్రిలో అడగండి.

తెల్లకణాలు ఎక్కువగా ఉంటే బలమని అనుకునేవారికి హోల్‌స్టీన్ దూడల సంగతి ఒకటి చెబుతాను. కొన్ని దూడలకు తెల్లకణాలు లెక్కకు మించి ఉండేవి, అయినా నోటిపుండ్లు, న్యుమోనియా, విరేచనాలతో చిన్నప్పుడే చచ్చిపోయేవి. 1992లో కారణం తేలింది. ఆ కణాలకు రక్తనాళపు గోడను పట్టుకుని బయటకు వచ్చే శక్తి పుట్టుకతోనే లేదు. ఊళ్ళో దొంగలు పడితే సిపాయిలంతా రోడ్డుమీదే తిరుగుతున్నారన్నమాట! వంశం తవ్వితే ఈ లోపం 1952లో అమెరికాలో పుట్టిన ఆస్బోర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఒక్క ఆబోతు దగ్గరకు చేరింది. కృత్రిమ గర్భధారణతో దాని సంతానం దేశదేశాలకు పాకింది. అందుకే ఇప్పుడు వీర్యం సేకరించే ఆబోతులకు ఈ లోపం ఉందా అని ముందే పరీక్ష చేస్తారు.

కోడికి కూడా మనం రుణపడి ఉన్నాము. లింఫోసైట్లలో "బి" కణాలని విని ఉంటారు. ఆ "బి" కోడి తోక దగ్గర ఉండే బర్సా అనే చిన్న సంచి పేరులోది. 1956లో గ్లిక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, ఆ సంచి తీసేసిన కోళ్ళు రోగాలకు విరుగుడు తయారుచేయలేవని మిత్రులతో కలిసి కోళ్ళపెంపకం పత్రికలో రాశాడు. కోళ్ళఫారాల వారు భయపడే గంబోరో జబ్బు దెబ్బకొట్టేది ఆ సంచినే.

మేష్టారు నిన్న మళ్ళీ వచ్చారు, ఈసారి బి.పి. చూపించుకోవడానికి. రాజా మాత్రలు ఇరవై ఆరో రోజుకు వచ్చాయట. ప్లేట్‌లెట్లు 2,10,000, తెల్లకణాలు 9,800. అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. గోడ పగుళ్ళు పూడ్చారు గాని పక్కింటివారి గోడ సంగతేమిటని అడుగుతున్నారు. ఆ గోడకు కూడా సున్నం వేయమని వారిని ఒప్పించాలి, వేరే దారి లేదు.

ఒక పాఠకురాలు రాసిన ఉత్తరానికి జవాబు: మీ ఆవుకు పిడుదు జ్వరం వచ్చినందువల్ల పాలద్వారా పిల్లలకు ఆ జ్వరం రాదమ్మా. పాలు ఎప్పుడైనా సరే పొంగు వచ్చేదాకా కాచే తాగాలి. అయితే ఇంజెక్షన్లు చేసిన తరువాత మందు పాలలోకి దిగుతుంది, కాచినా అది పోదు. ఎన్ని రోజులు పాలు పారబోయాలో మందు మందుకూ తేడా ఉంటుంది. ఇంజెక్షన్ చేసిన డాక్టరుగారినే అడిగి, ఆ తేదీ పాకలో గోడ మీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.